45 మైళ్ళ దగ్గర చలిజ్వరం

మొదటిసారి అది వచ్చినప్పుడు రోడ్డు బాగాలేదనుకున్నాను. 2022 జూన్ నెల, సాయంత్రం పూట. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో మా ఇల్లు, అక్కడి నుంచి ప్లేనో వైపు వెళుతున్నాం. వేగం గంటకు 45 మైళ్ళు, మన లెక్కలో 72 కిలోమీటర్లు. రోడ్డు చదునుగా ఉంది, పాదం యాక్సిలరేటర్ మీద ఊరికే ఆనించి ఉంది. ఉన్నట్టుండి బండి అడుగు నుంచి గడగడమంటూ ఒక వణుకు. హైవే అంచున, కునుకు తీసే డ్రైవర్లను లేపడానికి గాట్లు చెక్కి ఉంటాయి చూడండి, చక్రాలు వాటి మీదికి ఎక్కినట్టు. రెండు మూడు సెకన్లే. తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోయింది. కప్పులోని కాఫీ మాత్రం ఇంకా వలయాలు తిరుగుతూనే ఉంది.

"బయట నూట నాలుగు డిగ్రీల ఎండ. మీ బండికేమో చలిజ్వరం," అంది మా ఆవిడ. ఆ పేరే ఖాయమైంది. బాగా నడిచిన రోజు అది మన బండి, వణికిన రోజు మీ బండి.

ఏ కంపెనీ బండో చెప్పను. ఈ జబ్బు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అది మా ఇంటికి ఎలా వచ్చిందో మాత్రం చెప్పాలి. నేను కంప్యూటర్ ఉద్యోగిని. పొలం లేదు, పశువులు లేవు, ఇటుకలు మోసే పని అంతకన్నా లేదు. అయినా టెక్సాస్ నీళ్ళు పదేళ్ళు తాగేసరికి పికప్ మీద మనసు పడింది. విజయవాడ ఆటోనగర్‌లో, బాబాయి లారీ గేరుబాక్సుల షెడ్డులో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి కాబట్టి పెద్ద బండి మీద మోజు సహజమేనని ఇంట్లో వాదించాను. 2021లో కంప్యూటర్ చిప్‌ల కొరతతో కొత్త బండ్లు దొరక్క పాత బండ్ల ధరలు మండిపోతున్న రోజుల్లో, 78,000 మైళ్ళు తిరిగిన 2015 మోడల్‌ను 24,000 డాలర్లు పోసి కొన్నాను. ఆరు గేర్ల ఆటోమేటిక్.

అమెరికాలో డీలరు పాత బండిని అమ్మేటప్పుడు దాని మీద కనబడేలా ఒక కాగితం పెట్టి తీరాలి. వారంటీ ఉందో లేదో అందులో గడులు కట్టి రాసి ఉంటుంది. నా బండి కాగితంలో 'ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేదు' అన్న గడిలో టిక్కు ఉంది. ఇంజనుకూ గేరుబాక్సుకూ కంపెనీ ఇచ్చిన 5 ఏళ్ళు, 60,000 మైళ్ళ హామీ అప్పటికే తీరిపోయింది. అంతా చదివే సంతకం పెట్టాను. చదవకుండా వదిలేసింది కాగితం మీద లేదు. వెనక బంపరు కింద ట్రైలరు తగిలించే ఇనుప గుండు ఉంది. దాని నలుపంతా అరిగిపోయి అద్దంలా మెరుస్తోంది. భలే మెరుస్తోందే అనుకున్నాను తప్ప, ఆ మెరుపు రావాలంటే దానికి ఎంత బరువు ఎన్నాళ్ళు వేలాడి ఉండాలో తట్టలేదు.

పికప్ కొన్న తెలుగువాడంటే ఊరంతటికీ ఒక్క ఎడ్లబండి ఉన్న రైతుతో సమానం. అపార్ట్‌మెంటు ఖాళీ చేసేవాళ్ళు, కొత్త సోఫా కొన్నవాళ్ళు, వినాయక చవితికి విగ్రహం తెచ్చేవాళ్ళు, అందరికీ మన ఫోను నంబరే గుర్తొస్తుంది. ఆ వేసవిలో వారానికి ఒకరికైనా సామాను మోశాను. ప్రతిసారీ, సరిగ్గా 40, 50 మైళ్ళ మధ్య, వణుకు. గట్టిగా తొక్కితే రాదు. పూర్తిగా వదిలేస్తే రాదు. మెత్తగా, మర్యాదగా నడిపితేనే వస్తుంది.

బాబాయికి ఫోను చేశాను. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ గేరుబాక్సులు విప్పి బిగించిన మనిషి. ఆటోమేటిక్‌ను జీవితంలో ముట్టుకోలేదు.

"క్లచ్ పెడలే లేని బండికి క్లచ్ రోగమేమిటిరా?" అన్నాడు మొదట. తర్వాత కాసేపు ఆగి, "ఆయిలు ఏ రంగులో ఉందో చూశావా?" అని అడిగాడు.

చూడలేదు. చూడటం ఎలాగో కూడా తెలియలేదు. ఈ గేరుబాక్సుకు బయటికి లాగి చూసుకునే పుల్ల లేదు. బండిని ఎత్తి, ఇంజను నడుస్తుండగా, ఆయిలు నిర్ణీత వేడికి చేరాక పక్కనున్న బిరడా విప్పి చూడాలి. బాబాయికి ఈ సంగతి చెబితే, "మనిషిని చూడనివ్వకుండా తయారుచేశారంటే వాళ్ళకేదో భయం ఉంది," అన్నాడు.

లోపల జరిగేది అర్థం చేసుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టింది. తిరగలి లాంటి చిత్రాలు ఎన్ని చూసినా ఎక్కలేదు. చివరికి వంటింట్లో చెంబు తీసుకుని నీళ్ళు పోసి, చేత్తో గిరగిరా తిప్పి, కరివేపాకు రెబ్బ నుంచి ఒక ఆకు తుంచి వేశాను. నీళ్ళతో పాటు ఆకు తిరిగింది. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ చేసే పని ఇదే. ఇంజను ఆయిలును తిప్పుతుంది, ఆయిలు అవతలి రెక్కలను తిప్పుతుంది. ఇనుముకు ఇనుము తగలదు కాబట్టే ఎర్రదీపం దగ్గర బండి ఆగినా ఇంజను ఆగదు. కానీ ఆకు ఎప్పుడూ నీటికన్నా కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటు అంతా వేడిగా మారుతుంది, పెట్రోలు దండగ. అందుకని వేగం అందుకున్నాక లోపల ఒక చిన్న క్లచ్ వచ్చి రెండు వైపులనూ ఒకటిగా పట్టేస్తుంది. నా బండిలో ఆ పట్టు కుదరడం లేదు. పట్టుకోవడం, జారడం, మళ్ళీ పట్టుకోవడం, సెకనుకు ఎన్నోసార్లు. ఆ తడబాటే కాఫీ కప్పు దాకా వచ్చే వణుకు.

ఆగస్టులో కంపెనీ డీలరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష రుసుము 180 డాలర్లు. సాయంత్రం ఇచ్చిన కాగితంలో ఒకే వాక్యం: వినియోగదారుడు చెప్పిన సమస్య కనిపించలేదు. ఎంత దూరం నడిపి చూశారని అడిగితే రెండు మైళ్ళన్నారు. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే రెండు మైళ్ళు తిప్పితే చలిజ్వరం ఎక్కడి నుంచి వస్తుంది? డాక్టరు గది గుమ్మం ఎక్కగానే పిల్లాడి దగ్గు మాయమైనట్టే. కౌంటరు వెనకున్న అతను మర్యాదగానే మాట్లాడాడు. "ఈ మోడల్ తీరే అంత," అన్నాడు. సమస్య కనిపించలేదని రాసిన చేత్తోనే తీరే అంత అని ఎలా అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పదేపదే చెడే బండి కొన్నవాళ్ళను ఆదుకునే లెమన్ చట్టం టెక్సాస్‌లో ఉంది కదా, ఫిర్యాదు చెయ్యమని ఆఫీసులో ఒక స్నేహితుడు ఎగదోశాడు. చదివి చూస్తే అది ముఖ్యంగా కొత్త బండ్ల కోసం చేసినది, కంపెనీ వారంటీ తీరిపోయిన నా ఏడేళ్ళ బండికి అక్కరకు రాదు. తర్వాత జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో బండి 17 అక్షరాల నంబరు కొట్టి చూశాను. రీకాల్ ఏదీ లేదు. అదే చోట, కంపెనీ తన మెకానిక్కులకు పంపిన సాంకేతిక సూచనలు కూడా ఉంటాయి. నా మోడల్ మీద, సరిగ్గా ఇలాంటి వణుకు గురించే, ఒక సూచన దొరికింది. ఆయిలు పూర్తిగా మార్చి చూడండి, తగ్గకపోతే కన్వర్టర్ మార్చండి అని దాని సారాంశం. రీకాల్ అయితే ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి. సూచన అంటే మెకానిక్కు చెవిలో చెప్పిన మాటే, ఖర్చు మనదే. అయినా దాని ప్రింటు తీసి బండిలో పెట్టుకున్నాను.

దొరికిన ఇంకో ఆయుధం బ్రేకు చిట్కా. వణుకు మొదలవగానే కుడికాలు అలాగే ఉంచి, ఎడమకాలితో బ్రేకును ఈక తాకినంత తేలికగా తాకాలి. బ్రేకు దీపం వెలిగేంత చాలు, బండి నెమ్మదించకూడదు. బ్రేకు పడిందని తెలియగానే కంప్యూటర్ ఆ చిన్న క్లచ్‌ను విడిచిపెడుతుంది. వణుకు అప్పటికప్పుడు ఆగిపోతే దోషం అక్కడే. ఆగకపోతే ఇంజనునో టైర్లనో అనుమానించాలి. ఖాళీ రోడ్డు చూసుకుని ప్రయత్నించాను. ఇంజను చుట్లు 1,500 నుంచి 1,700కు లేచాయి, వణుకు ఠక్కున తెగింది. కాలు తీశాను, మళ్ళీ వచ్చింది. పది నిమిషాల్లో ఎనిమిదిసార్లు అటూ ఇటూ చేసి చూసుకుని, రోగం ఉన్నందుకు మొదటిసారి సంతోషించాను.

రెండోసారి డీలరు దగ్గరికి వెళ్ళినప్పుడు ముందుగా నలభై నిమిషాలు బండి నడిపి, వేడి మీదే తీసుకెళ్ళి, మెకానిక్కు పక్కన నేను కూర్చుంటానని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. మూడో మైలులో వచ్చింది. ఆ మెకానిక్కు, పాతికేళ్ళ కుర్రాడు, ఏమీ మాట్లాడకుండా ఎడమకాలితో బ్రేకు తాకాడు. నాకు ఆ కుర్రాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది.

ఆయిలు మార్పుకు 340 డాలర్లు. కింద ట్రే విప్పితే సగం కూడా దిగదు, మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అందుకని గొట్టం దగ్గర యంత్రం తగిలించి మొత్తం మార్చారు. పాత ఆయిలు ఒక సీసాలో పట్టి ఇమ్మన్నాను. కొత్తది రూహ్ అఫ్జా షర్బత్ ఎరుపు. నాది చింతపండు చారు రంగులో ఉంది, మూత తీస్తే వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు బాగా తెలుసు. లోడు లారీ ఘాట్‌రోడ్డు ఎక్కలేక సగం క్లచ్ మీద వేలాడినప్పుడు వచ్చే వాసన, బాబాయి చొక్కాలో ఉండే వాసన.

వణుకు పోయింది. అయిదు నెలలు మన బండి అయింది.

2023 ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది, ఈసారి చుట్టాలను వెంటబెట్టుకుని. పొద్దున్నే రివర్సులో వేస్తే మూడు సెకన్ల దాకా కదలిక ఉండదు, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు గేరు పడుతుంది. మూడు నుంచి నాలుగో గేరుకు మారేటప్పుడు ఇంజను ఒక్కసారి ఊఁ అని లేచి, అప్పుడు పట్టు దొరుకుతుంది. ఈ దశలో నాకు సలహాలకు కొదవ లేదు. షుగరు వ్యాధి ఉందని తెలిస్తే కాకరకాయ నుంచి మెంతుల దాకా ఇంటింటి వైద్యం చెప్పినట్టే. ఒకరు పది డాలర్ల సీసా మందు ఆయిలులో కలపమన్నారు. కలిపించాను. రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి, మూడో వారం యథాతథం. ఇంకొకరు అసలు ఆయిలు మార్చడమే తప్పు, పాత మురికే దాన్ని పట్టి ఉంచిందన్నారు.

ఈ నాలుగు నెలల కాపురం గురించి కొంచెం చెప్పుకోవాలి. బండి బాగుపడలేదు, నేనే మారాను. 45 దగ్గర నిలకడగా నడపడం మానేశాను, 38 లేదా 55. ట్రైలరు లాగేటప్పుడు నొక్కే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ఖాళీ బండిలోనే నొక్కి ఉంచేవాణ్ణి. అప్పుడు గేర్లు ఆలస్యంగా మారతాయి, పై గేర్ల మధ్య ఊగిసలాట తగ్గుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తాగనీ. 1996 మోడల్ నుంచి ఇక్కడి కార్లన్నింటికీ స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే 30 డాలర్ల పరికరం కొని ఫోనులో ఆయిలు వేడి చూసుకునేవాణ్ణి. మామూలుగా 190 డిగ్రీల ఫారెన్‌హీట్. డాలస్ ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళితే 230. పెద్దాయనకు పూటపూటా రక్తపోటు చూసినట్టు. బంధువులు ఎక్కినప్పుడు వణుకు వచ్చే వేగానికి కొంచెం ముందు పాట శబ్దం పెంచేవాణ్ణి. మా ఆవిడ నన్ను చూసి, "బండి కన్నా మీరే ఎక్కువ కష్టపడుతున్నారు," అంది.

మే నెలలో ఒక శనివారం, స్నేహితుడి ఫ్రిజ్ వెనక కట్టుకుని 75వ నంబరు హైవే మీద వస్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. బండి ఒకే గేరులో బిగుసుకుపోయింది, ఎంత తొక్కినా ఇంజను మూలుగుతుందే గాని వేగం రాదు. ఇంకా నష్టం జరగకుండా కంప్యూటర్ తనంతట తాను కట్టేసుకున్న పథ్యం అది. ఆపద దీపాలు వేసుకుని కుడి అంచున పాకుతూ పక్కరోడ్డు మీదికి దిగాను. ఫోనులో మూడు కోడ్లు వచ్చాయి. పీ0700 అంటే గేరుబాక్సు కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటోంది, అడగండి అని. పీ0741, కన్వర్టర్ క్లచ్ సరిగా పనిచేయడం లేదని. పీ0734, నాలుగో గేరు నిష్పత్తి తప్పిందని. పదకొండు నెలలుగా నేను నోటితో చెబుతున్నదంతా అంకెల్లో ఉంది. వెనక ఫ్రిజ్ యజమాని ఫోను చేసి, "అన్నా, ఐస్‌క్రీము కూడా అందులోనే వదిలేశాం, ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

ఈసారి డీలరు దగ్గరికి పోలేదు. గేరుబాక్సులు మాత్రమే చేసే చిన్న షెడ్డు ఒకటి దొరికింది. యజమానికి అరవై దాటి ఉంటాయి, స్పానిష్ యాసతో నెమ్మదిగా మాట్లాడతాడు, చేతుల గీతల్లో నల్లగా ఆయిలు. బాబాయి చేతులే. నేను కథ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, కింద ట్రే విప్పి తెచ్చి చూపించాడు. ట్రేలో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు పిండిలా అంటుకుంటే అరుగుదల, అది మామూలే. నా అయస్కాంతం మీద పిండితో పాటు మెరిసే రేకులున్నాయి. అడుగున నల్లని మడ్డి. దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, "ట్రైలరు లాగావా?" అన్నాడు. నేను లాగలేదన్నాను. లేచి వెనక్కి నడిచి, బంపరు కింద మెరిసే గుండును బొటనవేలితో తుడిచి నా వైపు చూశాడు.

మూడు దారులు చెప్పాడు. పాడైపోయిన వేరే బండి నుంచి తీసిన గేరుబాక్సు 1,900 డాలర్లు, 90 రోజుల హామీ. అది ఎవరి ట్రైలరు లాగి వచ్చిందో దేవుడికే తెలియాలి. ఫ్యాక్టరీలో తిరగచేసినది 5,600, మూడేళ్ళ హామీ. నాదే విప్పి, క్లచ్ ప్లేట్లు, సీళ్ళు, బుష్‌లు కొత్తవి వేసి, కన్వర్టర్ మార్చి బిగిస్తే 4,300, రెండేళ్ళు లేదా 24,000 మైళ్ళ హామీ. కూలర్ కూడా మార్చాలన్నాడు. లేకపోతే దాని సన్నని గొట్టాల్లో దాక్కున్న మడ్డి కొత్త ప్లేట్ల మీదికే వస్తుంది. మొదట అది పైసంపాదన కోసం చెబుతున్నాడేమో అనుకున్నాను. సీసాలో ఉన్న నా చారు గుర్తొచ్చి సరేనన్నాను. పన్నుతో కలిపి 4,750 డాలర్లు. బండి అమ్మేద్దామని మా ఆవిడ అంది. ఈ స్థితిలో అమ్మాలంటే దాచి అమ్మాలి, లేదా సగం ధరకు ఇవ్వాలి. రెండూ నచ్చలేదు.

తొమ్మిది పనిదినాలు పట్టింది. అయిదో రోజు వెళ్ళి చూశాను. బల్ల మీద నా గేరుబాక్సు పొరలు పొరలుగా విప్పి పరిచి ఉంది. వరుస వరుసగా పళ్ళున్న పల్చని ఇనుప వలయాలు, వాటి రెండు వైపులా అట్టలాంటి పూత. కొత్తవి గోధుమ రంగులో ఉన్నాయి. నావి మాడిన అప్పడాల్లా ఉన్నాయి. పక్కనున్న ఉక్కు పలకల మీద వేడికి నీలపు మచ్చలు. గోటితో గీస్తే పూత ముక్కలుగా రాలింది. ఒకటి తీసుకోవచ్చా అని అడిగితే, వింతగా చూసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

బండి తిరిగి వచ్చిన మొదటి రెండు రోజులు గేర్లు మొరటుగా పడ్డాయి. కంగారుపడి ఫోను చేశాను. కంప్యూటర్‌లో పాత అలవాట్లు చెరిపేశాం, కొత్త ప్లేట్లతో మళ్ళీ నేర్చుకోవాలి, వంద మైళ్ళు రకరకాలుగా నడపమన్నాడు. నడిపాను. సాఫీగా వచ్చింది. ఇప్పటికి 20,000 మైళ్ళు దాటాయి. ఆయిలు ఒకసారి మార్పించాను, ఎర్రగానే దిగింది. వెనక గుండు విప్పి గ్యారేజీలో పడేశాను.

ఆ డిసెంబరులో విజయవాడ వెళ్ళినప్పుడు ప్లేటును చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను. బాబాయి షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. వాసన చూశాడు. పళ్ళు లెక్కపెట్టాడు. లారీ క్లచ్ ప్లేటు పట్టుకోవాలంటే ఆయనకు రెండు చేతులు కావాలి, ఇది చిటికెన వేలికి తగిలించుకోవచ్చు.

"దీని మీద పూత దేనితో చేస్తార్రా?"

"కాగితం లాంటి గుజ్జుతో, బాబాయ్. జిగురు కలిపి నొక్కుతారట."

"బండి బరువు?"

"రెండున్నర టన్నులకు కొంచెం తక్కువ."

"కాగితంతో లాగిస్తున్నారు," అని తనలో తాను అనుకుని, లోపల పనిచేస్తున్న ఇద్దరు కుర్రాళ్ళను కేకేసి పిలిచాడు. వాళ్ళూ గోళ్ళతో గీకి చూశారు. ఖర్చెంతయిందని అడిగాడు. దాదాపు 4 లక్షల రూపాయలని చెప్పాను.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టి, "బండికా, గేరుబాక్సుకా?" అన్నాడు.